డాన్సు మానేసిన కోళ్ళ కేసు

“వెండెల్! ఈ నెబ్రాస్కాలో నేరం చేసి నా కళ్ళు కప్పగల మొనగాడు ఇంకా పుట్టలేదు. ఒకవేళ పుట్టినా, ఇంకా పాలు తాగుతూ ఉంటాడు!”

ఈ ప్రకటన జరిగింది ఒక పాత స్కూలు బస్సులో. అందులో ఎవరూ నోరు మెదపకూడదని అంతకు ముందే అందరం ఒట్టేసుకుని కూర్చున్నాం. బయట ఇంకా తెల్లవారలేదు. ప్రకటించినవాడు గేలెన్ హ్రూబీ. పక్క సీట్లో, చిన్ననాటి స్నేహానికి శిక్ష అనుభవిస్తున్నవాణ్ణి నేను.

“మెల్లగా మాట్లాడవయ్యా, పక్షులు బెదిరిపోతాయి,” అన్నాను.

“నేను మెల్లగానే మాట్లాడాను. నా తెలివే గట్టిగా వినిపిస్తుంది.”

గేలెన్ ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక బీమా కంపెనీ తరఫున వడగళ్ళ నష్టం లెక్కగట్టాడు. వాన వెలిసిన మర్నాడు ఊరూరా తిరిగి, కార్ల పైకప్పుల మీద సొట్టలు తడిమి, ఇది బఠాణీ అంత వడగల్లు, ఇది గుడ్డంత వడగల్లు అని తేల్చడం అతని పని. రిటైరయ్యాక, “ఇన్నాళ్ళూ దేవుడు చేసిన నేరాలు పరిశోధించాను, ఇక మనుషులు చేసినవి చూస్తాను” అని తనని తానే డిటెక్టివ్‌గా నియమించుకున్నాడు. మొదటి కేసు చర్చి విందులో మాయమైన పులుసు గరిటె. పాస్టర్ గారి భార్యని నిలదీసి, ఆవిడ కంట నీళ్ళు తెప్పించాక, ఆ గరిటె గేలెన్ కోటు జేబులోనే దొరికింది. “దాచడానికి నా జేబునే వాడుకున్నాడంటే వాడెంత గుండెలు తీసిన బంటో చూడు” అన్నాడు తప్ప, ఆవిడకి క్షమాపణ మాత్రం చెప్పలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా జిల్లాలో పళ్ళెంలో ఆఖరి ముక్క ఎవరూ తినరు. ఒకరు సగం కోసుకుంటారు, ఆ సగంలో ఇంకొకరు సగం కోసుకుంటారు, చివరికి చీమకి సరిపోయేంత మిగిల్చి అందరూ “నాకొద్దు, నాకొద్దు” అంటారు. ఆ ఆఖరి ముక్క ఎత్తి నోట్లో వేసుకునే ఏకైక మనిషి గేలెన్. ఆ రోజు తెల్లవారకముందే మాకు ఆతిథ్యమిచ్చే ఆర్డిత్ వంటింట్లో రాత్రి మిగిలిన మాంసం, చిక్కుడుగింజల చిల్లీ గిన్నె, దాల్చినచెక్క రోల్స్ పళ్ళెం, రెండూ ఖాళీ చేసి మరీ బస్సెక్కాడు.

ఏప్రిల్ వచ్చిందంటే మా ఊరి కెమెరా క్లబ్బు మొత్తం ఇసుకదిబ్బల మధ్యనున్న ఆర్డిత్ నైఫెలర్ గడ్డిభూమికి తరలిపోతుంది. ఆవిడ భూమిలో ఒక గుట్ట ఉంది. తెల్లవారేసరికి ప్రెయిరీ కోళ్ళనే అడవికోళ్ళ పుంజులు దానిమీద చేరి పెట్టల మెప్పు కోసం డాన్సు చేస్తాయి. మెడకి రెండువైపులా నారింజరంగు సంచులు ఉబ్బించి, తలమీద ఈకలు నిక్కబొడిచి, కాళ్ళు టపటపలాడిస్తూ, ఖాళీ సీసా మూతిమీద గాలి ఊదినట్టు ‘ఊఁ... ఊఁ...’ అంటాయి. గుట్ట పక్కన ఆర్డిత్ ఈ పాత బస్సు తెచ్చి నిలబెట్టింది. చీకటుండగానే అందులోకెక్కాలి, పక్షులు వెళ్ళేదాకా దిగకూడదు. అవసరమైనవాళ్ళకి బస్సు చివర తెరచాటున ఒక బకెట్టు ఉంటుంది. గేలెన్ ఏటా వస్తాడు, ఏటా పక్షులు రాకముందే నిద్రపోయి అవి వెళ్ళిపోయాక లేస్తాడు. అతను తీసిన కోళ్ళ ఫోటోలన్నిటిలోనూ మూత తియ్యని లెన్సు తాలూకు చీకటి చాలా స్పష్టంగా పడింది.

ఈసారి మాత్రం మా అందరికీ లోపల గుబులుగానే ఉంది. ఆ భూమిలో సగం ఆర్డిత్‌ది, సగం తమ్ముడు ఎమ్మెట్‌ది. పోయిన శీతాకాలం ఎమ్మెట్ ఊళ్ళో మగవాళ్ళు చేరే కాఫీ బల్ల దగ్గర, నలుగురూ వింటుండగా, “కోళ్ళ డాన్సు కడుపు నింపుతుందా? గడ్డి దున్నేసి, బోరుబావులేసి మొక్కజొన్న పండించాలి” అనేశాడు. మా జిల్లాలో మగవాడు కాఫీ బల్ల దగ్గర అన్న మాట వెనక్కి తీసుకోడు. అది తప్పని తనకే తెలిసినా చచ్చేదాకా మోస్తాడు. ఆర్డిత్ ఏడ్చింది, అలిగింది, ఆఖరికి ఇద్దరూ ఒక మాటకొచ్చారు. లింకన్ నగరం నుంచి గడ్డిభూముల్ని కాపాడే సంస్థ తరఫున జోసెలిన్ అనే అమ్మాయి వస్తుంది. ఆమె ఈ భూమిమీద పక్షుల డాన్సు కళ్ళారా చూస్తే, ఎప్పటికీ గడ్డిగానే ఉండేట్టు ఇద్దరూ సంతకాలు పెడతారు. చూడకపోతే వచ్చే వారం ట్రాక్టర్లు దిగుతాయి. జోసెలిన్‌కి ఉన్నది ఈ ఒక్క ఉదయమే. అది కాగానే ఇంకో జిల్లాకి వెళ్ళిపోవాలి.

సూర్యుడు పైకొచ్చాడు. గుట్టమీద గాలికి ఊగుతున్న మోకాలెత్తు ఎండుగడ్డి తప్ప ఏమీ లేదు. బస్సు నిండా కెమెరాలు, ఒక్క క్లిక్కు వినపడలేదు.

“రాలేదు,” అంది ఆర్డిత్.  “మార్చి మొదట్లో ఇక్కడే ఉన్నాయమ్మా, నేను చూశాను. తర్వాత ఆవులు ఈనే రోజులొచ్చి నేను పాకలోంచి కదల్లేదు. వాటికి ఇబ్బందని పోయినేడాదంతా ఒక్క ఆవుని కూడా ఈ గుట్టెక్కనివ్వలేదు. అయినా రాలేదు.”

“ఇంకాసేపు చూద్దామండీ,” అంది జోసెలిన్, వాచీ చూసుకోకుండా ఉండటానికి చెయ్యి వెనక్కి పెట్టుకుంటూ.

గేలెన్ దిగ్గున లేచాడు. “చూడ్డానికేముంది? ఇది సామూహిక అపహరణ! నెత్తురు బొట్టు రాలకుండా, ఈక ముక్క మిగలకుండా పని కానిచ్చిన ఆ అజ్ఞాత హస్తం ఈ బస్సులోనే ఉంది! ఎవరూ కదలొద్దు!”

“చీకట్లో కూర్చున్నప్పట్నించీ ఎవరూ కదల్లేదయ్యా. కాళ్ళు చచ్చుబడ్డాయి,” అన్నాను.

డ్రైవరు సీట్లో కూర్చున్న ఎమ్మెట్ కిటికీలోంచి బయటికి చూస్తూ గొంతు సవరించుకున్నాడు. “కాళ్ళు పట్టేసినవాళ్ళు అలా పాత బడి వైపు నడిచి రావచ్చు. నేను చెప్పానని కాదు.”

పాత బడి అంటే ఈ భూమిలోనే రెండు దిబ్బల అవతల, ఈ అక్కాతమ్ముళ్ళు చిన్నప్పుడు చదువుకున్న ఒంటిగది బడి. అది మూతబడి చాలా కాలమైంది. దాని ముందు ఆటస్థలం, ఓ మూల చెక్క మరుగుదొడ్డి మిగిలాయి.

“ఇప్పుడు బడి సంగతెందుకురా?” అంది ఆర్డిత్.

“ఊరికే అన్నాను. అక్కడ గాలి తగలదు.”

“నా ప్రాణం పోతుంటే నీకు గాలి గొడవేంట్రా?”

“సూర్యుడు కూడా అక్కడ బాగానే ఉదయిస్తాడు,” అని ఎమ్మెట్ టోపీ కళ్ళమీదకి లాక్కున్నాడు.

మా మనుషుల లెక్కలో ఇది గొంతు చించుకుని అరవడం కింద జమ. ఇల్లు అంటుకున్నా మావాళ్ళు “ఇవాళ కాస్త వెచ్చగా ఉన్నట్టుంది కదూ” అంటారు. మామూలు రోజైతే నాకూ తట్టేదే. కానీ ఆర్డిత్ మొహం చూశాక నా బుర్ర పనిచెయ్యలేదు. పక్షులే లేనప్పుడు నియమాలెందుకని ఆవిడే బస్సు తలుపు తీసింది.

గేలెన్ నన్ను చొక్కా పట్టుకుని కిందికి లాగాడు. “విన్నావా? ముమ్మాటికీ వాడే! మనల్ని గుట్ట దగ్గర్నించి తప్పించాలని చూస్తున్నాడు. అంటే సాక్ష్యం గుట్టమీదే ఉంది. మొక్కజొన్న కోసం సొంత అక్క కోళ్ళనే మాయం చేశాడు!”

“ఎన్ని కోళ్ళు, ఎలా చేస్తాడు? సంచుల్లో కుక్కుకుపోయాడా?”

“అదిగో, అలాంటి ప్రశ్నలే మామూలు మనుషులు వేస్తారు.”

ఆ తర్వాత గుట్టమీద మోకాళ్ళ మీద పాకి గడ్డి వాసన చూశాడు, తోడేలు పెంటని రుమాల్లో మూటగట్టాడు, బస్సు పైకప్పు తడిమి “అక్రోటు కాయంత వడగల్లు” అని తీర్పు చెప్పాడు. చివరికి ఎమ్మెట్ పికప్ ట్రక్కు దగ్గర ఆగి, ముందు రేకు మీద ఓ పెద్ద సొట్టని అరచేత్తో నిమురుతూ కళ్ళు మూసుకున్నాడు.

“దొరికింది! ఇది ప్రాణభయంతో పారిపోతూ వచ్చి గుద్దుకున్న కోడి సొట్ట.”

ఎమ్మెట్ బస్సు మెట్ల మీంచి, “అది మా ఆవు తన్నిందయ్యా,” అన్నాడు.

“ఏ ఆవు? పేరు చెప్పు!”

“ఆవులకి పేర్లు పెట్టను.”

“చూశావా వెండెల్, సాక్షి పేరు దాస్తున్నాడు!”

సరిగ్గా అప్పుడు గేలెన్ మొహం రంగు మారింది. ఒక చెయ్యి సొట్ట మీద, ఇంకో చెయ్యి పొట్ట మీద వేసుకుని కొయ్యబారిపోయాడు. చిల్లీ ఒక పక్క, రోల్స్ ఒక పక్క నిలబడి లోపల వాదించుకుంటున్నాయని చూడగానే తెలిసిపోయింది.

“బస్సులో బకెట్టుంది,” అన్నాను జాలిగా.

“నిందితుల మధ్య బకెట్టు మీద కూర్చున్న డిటెక్టివ్‌ని ఎవడు లెక్కచేస్తాడు?” అన్నాడు పళ్ళు బిగించి.

“బడి దగ్గర దొడ్డి శుభ్రంగానే ఉందనుకుంటా,” అన్నాడు ఎమ్మెట్ ఆకాశానికి చెబుతున్నట్టు.

“అది ఉచ్చని నాకు తెలుసు! తెలిసే వెళుతున్నాను! ఇదిగో వెండెల్, ఇది నీ దగ్గరుంచు.” మనవలు ఆడుకునే పసుప్పచ్చ వాకీటాకీ ఒకటి నా చేతిలో కుక్కి, రెండోది తను పట్టుకుని, తల వంచుకుని, మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని దిబ్బలమీద పరుగెత్తాడు. ఆ పరుగులో అతనికి ముందేముందో, పక్కనుంచి ఏం ఎగిరిపోయిందో కనబడే అవకాశం లేదు.

మేం మళ్ళీ బస్సెక్కాం. ఆర్డిత్ ఒళ్ళో చేతులు పెట్టుకుని, “నాన్న ఉన్నప్పుడు ఈ గుట్టమీద ఇవి ఎంత డాన్సు చేసేవో,” అంది.  జోసెలిన్ సంచీలోంచి కాయితాలు తియ్యబోయి, మళ్ళీ లోపల పెట్టేసింది. ఎమ్మెట్ నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. “అక్కా, ఆ బడి...” అన్నాడు.

“ఇంకొక్కసారి బడి అన్నావంటే చూడు!” అంది ఆర్డిత్. ఎమ్మెట్ మళ్ళీ టోపీ కళ్ళమీదకి లాక్కున్నాడు.

కాసేపటికి నా చేతిలో వాకీటాకీ గరగరలాడింది.

“వెండెల్! నన్ను చుట్టుముట్టారు.”

“ఎవరు?”

“ముఠా! తలుపు బిగుసుకుపోయింది, రావట్లేదు. బయట చాలామంది ఉన్నారు. కాళ్ళతో నేల తంతున్నారు. కవాతు చేస్తున్నట్టున్నారు. ఖాళీ సీసాలు ఊదుకుంటూ ఒకళ్ళకొకళ్ళు సంకేతాలిచ్చుకుంటున్నారు. నేనిక ప్రాణాలతో తిరిగి రాకపోతే, గరిటె విషయంలో పాస్టరమ్మదేం తప్పులేదని చెప్పు.”

“ఏదీ, ఆ పెట్టె కాస్త తలుపు దగ్గర పెట్టు,” అన్నాను.

పెట్టాడు. ఆ బొమ్మ పెట్టెలోంచి, గరగరల మధ్య, బస్సు నిండా వినపడింది. ‘ఊఁ... ఊఁ... ఊఁ...’

ఆర్డిత్ ఎలా లేచిందో, నా చేతిలో వాకీటాకీ ఎలా లాక్కుందో నేను చూడలేదు. “గేలెన్! తలుపుకి పైన చందమామ ఆకారంలో కన్నముంటుంది. అందులోంచి చూడు.”

“అమ్మో, గురి చూసి కొడితే?”

“చూడమంటున్నానా!”

పెట్టె గరగరలాడింది. తర్వాత అతని గొంతు చాలా చిన్నగా వచ్చింది. నా జీవితంలో గేలెన్ అంత మెల్లగా మాట్లాడటం అదే మొదటిసారి.

“ఆర్డిత్ గారూ... కోళ్ళు. ఎన్నో ఉన్నాయి. ఒకటి తలుపు ముందే గెంతుతోంది. ఎంత బాగుందండీ!” అంతలోనే గొంతు మామూలైంది. “సాధించాను! అపహరణకి గురైనవారి రహస్య స్థావరం...”

“నోరు మూసుకుని అక్కడే ఉండు. తుమ్మినా చంపేస్తాను,” అంది ఆర్డిత్.

చివరి దిబ్బ మీదకి మేమంతా పొట్టమీద పాకుతూ ఎక్కాం. కెమెరా తీసుకెళ్ళడం సగం మందికి గుర్తే లేదు. కింద బడి ముందు ఆటస్థలమంతా నున్నగా, గడ్డి కురచగా కోసి ఉంది. ఆ నేలమీద పుంజులు, ఎటు చూసినా పుంజులే. ఒకటి ఇంకోదాని మీదకి ఎగిరి కాలితో తన్ని, వెంటనే ఏమీ ఎరగనట్టు మెడ ఉబ్బించింది. పెట్టలు వాటి మధ్యనుంచి ఇవేవీ తమకి పట్టనట్టు నడిచిపోతున్నాయి. ఓ పక్క మరుగుదొడ్డి, దాని తలుపు కన్నంలో ఒక కన్ను. జోసెలిన్ కెమెరా ఆగకుండా క్లిక్కుమంటూనే ఉంది. ఆర్డిత్ ఏడుస్తోంది, దాచుకోను కూడా లేదు. 

“వీటికి బోడినేల కావాలండీ,” అంది జోసెలిన్ గుసగుసగా. “గడ్డి పొడవుంటే పెట్టలకి వీటి డాన్సు ఎలా కనబడుతుంది? గుట్టమీద ఆవులు మెయ్యకపోయేసరికి గడ్డి పెరిగిపోయింది. అందుకే ఇటొచ్చేశాయి.”

“అయితే నేనే తరిమేశానన్నమాట. వాటికి మంచి చేస్తున్నాననుకుని.”

“నువ్వేం తరమలేదక్కా,” అన్నాడు ఎమ్మెట్ వెంటనే. “పక్షులు కదా, తిరుగుతాయి.”

“మరి ఇక్కడ గడ్డెవరు కోశారు?”

 ఎమ్మెట్ తన ముందున్న గడ్డిపరకని చాలా శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టాడు.

ఎండ ముదిరాక పుంజులు ఒక్కొక్కటే ఎగిరిపోయాయి. మేం దిగి వెళ్ళి, ఇద్దరం పట్టి లాగితే తలుపు ఊడొచ్చింది, దానితోపాటు గేలెన్ కూడా. వీపంతా పచ్చరంగు.

“విషప్రయోగం!” అన్నాడు కోటు తిప్పి చూసుకుంటూ.

“కాదయ్యా, రంగు ఆరలేదు. అందుకే తలుపు అంటుకుపోయింది,” అన్నాను. లోపల బల్ల కూడా కొత్తగా చిత్రిక పట్టి ఉంది, కొత్త కాగితం చుట్ట వేలాడుతోంది. ఆర్డిత్ గేలెన్ వీపుని చూసింది, తర్వాత ఎమ్మెట్ చొక్కా చేతుల్ని చూసింది. ఆ చేతుల అంచులకీ అదే పచ్చరంగు.

మాకందరికీ అర్థమైపోయింది. అర్థమయ్యాక మేమేం చేశామంటారా? మర్యాదగా దిక్కులు చూశాం. మావాళ్ళు పక్కింటివాళ్ళ వాకిట్లో మంచు తెల్లవారకముందే తవ్విపోసి, అడిగితే “గాలికి పోయుంటుంది” అంటారు. చేసిన మంచి బయటపెట్టడం ఇక్కడ మనిషిని నడివీధిలో నిలబెట్టడంతో సమానం. ఇంకాసేపు అందరం దిక్కులే చూస్తూ ఉంటే ఆ విషయం అక్కడితో సమాధి అయిపోయేది.

కానీ గేలెన్ అక్కడే ఉన్నాడు. అతని చూపు కూడా ఎలాగో ఆ చొక్కా చేతుల మీద పడింది. పచ్చబడ్డ వేలెత్తి ఎమ్మెట్ గుండెకి గురిపెట్టాడు.

“ఇతనే! ఇదంతా చేసింది ఇతనే! కాఫీ బల్ల దగ్గర మొక్కజొన్న అని కేకలేస్తూ, చాటుగా వచ్చి ఇక్కడ గడ్డి కోశాడు! అక్క ఇంటికొచ్చినవాళ్ళకి గడ్డిలోంచి గోమార్లు పట్టి రక్తం పీల్చకూడదని! ఆడవాళ్ళు బకెట్టుతో ఇబ్బంది పడుతున్నారని దొడ్డి బాగుచేశాడు! పొద్దున్నించీ బడి, బడి అని మొత్తుకున్నది కూడా కోళ్ళు ఇక్కడ చేరాయని తెలిసే! నేరం ఒప్పుకుంటావా, లేదా?”

ఎమ్మెట్ చెవులు బీట్రూటు రంగుకి తిరిగాయి. పారిపోవడానికి దిబ్బల వైపు చూశాడు. మేమంతా చుట్టూ నిలబడి ఉన్నాం.

“గడ్డి మిషను ఊరికే పడుంది,” అన్నాడు.

“ఎమ్మెట్,” అంది ఆర్డిత్. దగ్గరికెళ్ళి, అందరి ముందూ, ఆ పచ్చరంగు చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. “థాంక్స్‌రా.”

“సరేలే, సరేలే.” అంతకంటే ఉరిశిక్ష మేలన్నట్టు చెయ్యి లాక్కుని, ఎటు తిరగాలో తెలియక జోసెలిన్ వైపు తిరిగాడు. “మీ పెన్ను రాయకపోతే నా దగ్గరొకటి ఉంది.”

“పర్వాలేదండీ, రాస్తుంది,” అంది జోసెలిన్ నవ్వుతూ. పాపం, లింకన్ పిల్ల.

“అమ్మాయ్,” అన్నాను, “ఆయన సంతకం పెడతానంటున్నాడు.”

బడి మెట్టు మీద కాయితాలు పరిచారు. ఆర్డిత్ పెట్టింది, తర్వాత ఎమ్మెట్ పెట్టాడు. గేలెన్ సాక్షిగా తన పేరు రాసి, దాని కింద ‘డిటెక్టివ్’ అని చేర్చబోతే నేను పెన్ను లాక్కున్నాను.

“ఊళ్ళో ఎవరైనా అడిగితే,” అన్నాడు ఎమ్మెట్ టోపీ సర్దుకుంటూ, “ఈ నేలలో మొక్కజొన్న ఎలాగూ పండదని తేలిందని చెప్పండి.”

“ఎందుకు పండదురా? నీళ్ళు పెడితే బ్రహ్మాండంగా పండుతుంది,” అంది ఆర్డిత్.

“తెలుసక్కా,” అన్నాడు ఎమ్మెట్.